డిలీట్ నొక్కినంత మాత్రాన ఫైలు పోదు

(దరఖాస్తుల సహాయ కేంద్రాలు నిర్వహిస్తున్న యువ కార్యకర్తల శిక్షణ శిబిరంలో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి శిబిరాల్లో ఉపకార వేతనాల గురించి, బీసీ-ఇ ధ్రువపత్రాల గురించి, వితంతు పింఛన్ల గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఉదయం నుంచి మీరు విన్నవి కూడా అవే. నాకు అప్పగించిన అంశం వాటి ముందు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఇంట్లోనో, సహాయ కేంద్రంలోనో ఉన్న కంప్యూటరు నుంచి ఫైళ్లను తిరిగి రాకుండా తొలగించడం ఎలా అన్నదే ఆ అంశం. నిర్వాహకులు దీన్ని నాకు అప్పగించింది నా సాంకేతిక పాండిత్యం చూసి కాదు. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా కాగితాల మధ్య బతికినవాణ్ణి నేను. కంప్యూటరు ముందు కూర్చోవడం ఉద్యోగం చివరి దశలో నేర్చుకున్నాను. ఈ విషయంలో నేను స్వయంగా ఒక పొరపాటు చేశాను. దాన్ని మీ ముందు చెప్పుకోవడం నా బాధ్యత అనుకొని వచ్చాను.

పదవీ విరమణ తరువాత మా వీధి పఠన మందిరంలో కొందరు మిత్రులతో కలిసి దరఖాస్తులు నింపిపెట్టే పని మొదలుపెట్టాను. ఒక పాత కంప్యూటరు, ఒక స్కానరు, ఒక ప్రింటరు మా ఆస్తి. కొన్నేళ్లలో వందలాది కుటుంబాల కాగితాలు ఆ యంత్రం గుండా వెళ్లాయి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, ఆదాయ ధ్రువపత్రాలు, ఆడపిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆసుపత్రి రిపోర్టులు, కోర్టు కాగితాలు అందులో ఉండేవి. ఎవరి పేరుతో వారికొక ఫోల్డరు పెట్టాను. గుమాస్తా అలవాటు కదా, ఏదీ పారవేయలేదు.

యంత్రం నెమ్మదించాక కొత్తది కొన్నాం. పాతదాన్ని ఒక దుకాణానికి ఇచ్చి కొత్తదాని ధరలో కొంత తగ్గించుకున్నాం. ఇచ్చే ముందు నేనే కూర్చొని ఫోల్డర్లన్నీ ఎంచి డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. తెర మీద ఒక్క ఫైలు మిగలలేదు. చేయవలసినదంతా చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను.

కొన్ని నెలల తరువాత మా మొహల్లా అబ్బాయి ఒకడు, హార్డ్‌వేరు పని నేర్చుకుంటున్నవాడు, చేతిలో ఒక పెన్‌డ్రైవుతో మా ఇంటికి వచ్చాడు. "చాచా, నేను కొన్న పాత కంప్యూటరులో ఇవి దొరికాయి. మన వాళ్ల పేర్లే కనిపిస్తున్నాయి. ఇవి మీవేనా?" అని అడిగాడు. పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే ఒక ఉచిత సాఫ్ట్‌వేరును సాధన కోసం ఆ డిస్కు మీద నడిపాడట. పెన్‌డ్రైవు తెరచి చూశాను. నేను తొలగించిన ఫోల్డర్లలో చాలాభాగం అలాగే ఉన్నాయి.

వాటిలో ఒక యువతి కాగితాలు ఉన్నాయి. భర్త పెట్టే హింస భరించలేక, పసిబిడ్డతో మరో పేటలో అద్దె గదిలో తలదాచుకున్న ఆడపిల్ల ఆమె. గృహహింస చట్టం కింద ఇవ్వవలసిన ఫిర్యాదును మా కేంద్రంలోనే టైపు చేశాం. అందులో ఆమె అప్పటి చిరునామా ఉంది. భర్త తరఫు బంధువులు ఆమె ఎక్కడుందో వెతుకుతున్న కాలం అది. ఆమె ఇంటి గుమ్మం వరకు దారి చూపే కాగితాన్ని నేను నా చేతులతో దుకాణంలో పెట్టి వచ్చాను.

మరునాడు వెళ్లి ఆమెకు జరిగినది చెప్పాను. ఆమె ఒకే ప్రశ్న వేసింది. "చాచా, ఆ అబ్బాయి కంటే ముందు అది ఇంకెవరి చేతుల్లోనైనా పడిందా?" నా దగ్గర సమాధానం లేదు. యంత్రం దుకాణంలో ఎన్నాళ్లుందో, మధ్యలో ఎవరు తెరిచారో చెప్పగలిగే మార్గం లేదు. ఆ తరువాత ఏం జరిగిందో చివరలో చెబుతాను.

డిలీట్ చేసిన ఫైలు మళ్లీ ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు నాకు మా రికార్డు రూములోనే దొరికింది. కలెక్టరేట్లలో, తాలూకా ఆఫీసుల్లో పనిచేసినవారికి తెలుస్తుంది. రికార్డు రూములో ఫైళ్ల కట్టలు ర్యాకుల మీద ఉంటాయి. ఏ ఫైలు ఏ ర్యాకులో ఏ కట్టలో ఉందో ఇండెక్సు రిజిస్టరు చెబుతుంది. ఎవరైనా ఆ రిజిస్టరులో ఒక పద్దును ఎర్ర సిరాతో కొట్టివేసి ఊరుకున్నారనుకోండి. రిజిస్టరు చూసేవారికి ఆ ఫైలు లేనట్టే. కాని ర్యాకు దగ్గరకు వెళ్లి కట్ట విప్పి చూసేవారికి అది అక్కడే ఉంటుంది. ఆ జాగాలో మరో కట్ట వచ్చి పడేదాకా ఉంటుంది.

కంప్యూటరు చేసేది కూడా అచ్చంగా ఇదే. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. మామూలుగా డిలీట్ నొక్కితే ఫైలు రీసైకిల్ బిన్‌లోకి మారుతుంది, అంతే. బిన్ ఖాళీ చేసినా, షిఫ్టుతో కలిపి డిలీట్ నొక్కినా పట్టికలోని పద్దు రద్దవుతుంది, ఆ స్థలం ఖాళీ అన్న గుర్తు పడుతుంది. అక్షరాలు, చిత్రాలు ఉన్నచోటే ఉంటాయి. మరో ఫైలు వచ్చి సరిగ్గా ఆ స్థలాన్ని ఆక్రమించేదాకా అవి పోవు. రెకువా, ఫోటోరెక్ వంటి సాఫ్ట్‌వేర్లు పట్టికను నమ్మకుండా నేరుగా ర్యాకుల దగ్గరకు వెళ్లి వెతుకుతాయి. ఇవి దొంగల సాధనాలు కావు. పొరపాటున పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నవారికి అవి ఎంతో మేలు చేస్తాయి. అయితే అదే సాధనం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మేలు కీడుగా మారుతుంది.

డిస్కును ఫార్మాటు చేస్తే చాలని చాలామంది అనుకుంటారు. ఫార్మాటులో రెండు రకాలున్నాయి. క్విక్ ఫార్మాట్ అన్నది పాత రిజిస్టరు తీసేసి కొత్త రిజిస్టరు తెరవడం వంటిది, ర్యాకులు కదలవు. పూర్తి ఫార్మాటు వేరు. విండోస్ విస్టా కాలం నుంచి, అంటే 2007 నుంచి, పూర్తి ఫార్మాటు డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. మొదటిది క్షణాల్లో ముగుస్తుంది, రెండవది గంటలు తీసుకుంటుంది. తొందరలో మనం ఎంచుకునేది మొదటిదే.

ఇది నా ఒక్కడి అజ్ఞానం కాదని తరువాత తెలుసుకున్నాను. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ఇరవయ్యేళ్ల కంటే ముందే, వాడిన హార్డ్ డిస్కులు 158 కొని పరీక్షించారు. 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేస్తున్న డిస్కులు 129. వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో ఉత్తరాలు, వైద్య సమాచారం, వేలకొద్దీ క్రెడిట్ కార్డు సంఖ్యలు దొరికాయి. ఒక డిస్కు ఏటీఎం యంత్రంలో పనిచేసినది. బ్యాంకుల స్థాయిలోనే ఈ అజాగ్రత్త ఉంటే, వీధి పఠన మందిరం సంగతి చెప్పాలా?

మన కుటుంబాలకు ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. 2021 జులైలోను, 2022 జనవరిలోను ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి వారిని 'వేలం' వేస్తున్నట్టు చూపిన యాప్‌లు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఫొటోలు పాత కంప్యూటర్ల నుంచి వచ్చినవి కావు, సామాజిక మాధ్యమాల నుంచి తీసినవి. అయినా ఒక ఫొటో, ఒక పేరు తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో ఆ ఘటనలు చూపించాయి. మన సహాయ కేంద్రాల్లో ఫొటోతో పాటు పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, చిరునామా, బ్యాంకు ఖాతా అన్నీ ఒకే ఫోల్డరులో ఉంటాయి. ఏ తల్లి అయినా కూతురి ఫొటోను మనకిచ్చింది దరఖాస్తు కోసం, దాచుకోమని కాదు. మన ఇళ్లలో అమానత్ అనే మాట ఊరికే వాడం. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని పని పూర్తికాగానే తిరిగి ఇవ్వాలి. కంప్యూటరులోని ప్రతిని తిరిగి ఇవ్వలేం గనుక తుడిచివేయాలి.

ఇక ఎలా తుడవాలో చెబుతాను. ముందుగా మీ యంత్రంలో ఉన్నది పాత పద్ధతి హార్డ్ డిస్కా, కొత్త ఎస్‌ఎస్‌డీనా తెలుసుకోండి. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెరచి పెర్ఫార్మెన్స్ అన్న భాగంలో డిస్కు మీద నొక్కితే సాధారణంగా హెచ్‌డీడీ అనో, ఎస్‌ఎస్‌డీ అనో రాసి ఉంటుంది. రెండింటి స్వభావం వేరు గనుక తుడిచే విధానమూ వేరు.

పాత హార్డ్ డిస్కులో అక్షరాల మీద అక్షరాలు రాస్తే పాతవి పోతాయి. పలక మీద రాసినదాన్ని తుడిచి మళ్లీ రాయడం వంటిదే ఇది. కంప్యూటరు మీ దగ్గరే ఉంటుంది, తొలగించిన ఫైళ్ల జాడ మాత్రం పోవాలి అంటే విండోస్‌లోనే ఒక సదుపాయం ఉంది. మొదట ఫైళ్లను డిలీట్ చేసి బిన్ ఖాళీ చేయండి. తరువాత కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. సి, ఐ, పి, హెచ్, ఇ, ఆర్ అక్షరాలతో సైఫర్ అని టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, స్లాష్, డబ్ల్యూ, కోలన్, ఆ పైన డ్రైవు అక్షరం, మళ్లీ కోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఇది ఉన్న ఫైళ్ల జోలికి పోదు. ఖాళీగా ఉన్న స్థలమంతటా మూడుసార్లు రాస్తుంది. డిస్కు పెద్దదైతే చాలా గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే మంచిది. ఒక్కొక్క ఫైలునే ఎంచి తుడవడానికి మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌డిలీట్, బయట ఉచితంగా దొరికే ఇరేజర్ వంటివి ఉన్నాయి.

ముప్పై అయిదు సార్లు రాస్తే తప్ప పోదని ఎవరైనా మిమ్మల్ని భయపెట్టవచ్చు. ఆ లెక్క పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు 1996లో ఆనాటి డిస్కులను దృష్టిలో పెట్టుకొని రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 నాటి మార్గదర్శకాల్లో హార్డ్ డిస్కు మీద ఒక్కసారి పూర్తిగా రాస్తే సాధారణంగా చాలునని పేర్కొంది. కాబట్టి సంఖ్య గురించి బెంగ వద్దు. డిస్కులో ఏ మూలా వదలకుండా రాశామా అన్నదే చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులోని చిప్పులు ఒకేచోట పదేపదే రాస్తే అరిగిపోతాయి. అందువల్ల ఆ యంత్రం తనంతట తానే ప్రతిసారీ కొత్త చోటు వెతికి రాస్తుంది. మనం పాత ఫైలు మీద రాశామనుకుంటాం, అది మరో గదిలో రాస్తుంది, పాతది కొంతకాలం ఎక్కడో మిగిలిపోవచ్చు. కాబట్టి ఎస్‌ఎస్‌డీలో ఒక్క ఫైలును ఎంచి తుడిచామన్న భరోసా పెట్టుకోకూడదు. దీనికి మేలైన ఉపాయం మొదటి రోజునే డిస్కుకు తాళం వేయడం. బిట్‌లాకర్, లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే సదుపాయం డిస్కులోని ప్రతి అక్షరాన్నీ మరొకరు చదవలేని రూపంలోకి మార్చి ఉంచుతుంది. యంత్రం మీ చేయి దాటినా, తాళంచెవి లేనివారికి అందులో దొరికేది అర్థం లేని అక్షరాల గుట్ట. ఒక హెచ్చరిక చేయాలి. ఆ సమయంలో యంత్రం ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో భద్రపరచండి. అది పోతే మీ ఫైళ్లు మీకే దక్కకుండా పోయే ప్రమాదం ఉంది.

కంప్యూటరును అమ్ముతున్నా, దానం చేస్తున్నా, పిల్లలకు ఇస్తున్నా మొత్తం తుడవాలి. ముందుగా కావలసిన ఫైళ్లను వేరే డిస్కులోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఈమెయిలు, బ్రౌజరు ఖాతాల నుంచి బయటికి రండి. తరువాత సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి, రీసెట్ దిస్ పీసీ అన్నచోట రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. అక్కడితో ఆగకండి. ఛేంజ్ సెట్టింగ్స్ నొక్కి క్లీన్ డేటా అన్నదాన్ని ఆన్ చేయండి. అది ఆన్ చేయకపోతే మీరు చేసేది మళ్లీ రిజిస్టరు మార్చడమే. నా పాత యంత్రానికి ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ అబ్బాయికి ఏమీ దొరికేది కాదు.

ఇవేవీ చేతకాకపోతే మరో సులభ మార్గముంది. కంప్యూటరు అమ్మేటప్పుడు డిస్కు తీసి మీ దగ్గర ఉంచుకోండి. మరమ్మతు తెలిసిన పిల్లవాడెవరైనా కొన్ని నిమిషాల్లో తీసి ఇస్తాడు. డిస్కు లేదని దుకాణదారు కొంత ధర తగ్గిస్తాడు. ఒక ఆడపిల్ల చిరునామాతో పోలిస్తే ఆ డబ్బు ఏపాటిది?

పాడైన డిస్కులో ఏమీ ఉండదని భ్రమపడకండి. మోటారు ఆగినంత మాత్రాన అక్షరాలు చెరిగిపోవు. దాన్ని విప్పి లోపలి పళ్లాలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయాలి. కొన్ని ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఆ పళ్లాలు గాజువి, పగిలి ఎగురుతాయి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవు, మెమరీ కార్డు అయితే లోపలి నల్లని చిప్పే పగలాలి. పైన డొక్కు పగిలితే సరిపోదు. వాటిని చెత్తలో వేసి తగలబెట్టవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరేలా చూడండి.

యంత్రంలో తుడిచాం సరే, మిగతా ప్రతుల మాటేమిటి? ఆఫీసులో ఒక ఉత్తరానికి అసలు ప్రతి, ఆఫీసు ప్రతి, సెక్షను ప్రతి ఉండేవి. ఈనాడు ఒక్క ఆధార్ కార్డుకు అంతకంటే ఎక్కువ ప్రతులున్నాయి. తల్లి వాట్సాప్‌లో పంపుతుంది, అది ఆమె ఫోనులో ఉంటుంది, కార్యకర్త ఫోను గ్యాలరీలో పడుతుంది, కంప్యూటరు డౌన్‌లోడ్స్‌లోకి దిగుతుంది, ప్రింటు తీయడానికి పెన్‌డ్రైవులోకి ఎక్కుతుంది, జిరాక్సు దుకాణంలోని కంప్యూటరులో మరొకటి మిగులుతుంది. గూగుల్ డ్రైవు, జీమెయిలు చెత్తబుట్టల్లో తొలగించిన ఫైలు 30 రోజుల వరకు ఉంటుంది. ఫోనులోని ఫొటోలు మనకు తెలియకుండానే గూగుల్ ఫొటోస్‌లోకి చేరుతుంటాయి. తుడిచే రోజున ఈ గుమ్మాలన్నీ ఒకసారి తట్టి చూడాలి.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన చేసింది. ఇంటర్నెట్ కేంద్రాల్లో ఈ-ఆధార్ దించుకుంటే ఆ ప్రతులన్నిటినీ శాశ్వతంగా తొలగించుకోవాలని అందులో ఉంది. తప్పుడు అర్థాలకు తావిస్తుందని రెండు రోజుల్లో ఆ ప్రకటనను ఉపసంహరించారు. ప్రకటన పోయినా అందులోని ఆ సలహా మాత్రం మంచిదే. దానికంటే మంచిది అసలు పూర్తి ఆధార్ తీసుకోకపోవడం. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను సంస్థ వెబ్‌సైటులోనే దించుకోవచ్చు. అది చాలినచోట అదే అడగండి. తీసుకోని కాగితాన్ని తుడవవలసిన పని ఉండదు.

ఇంతవరకు తుడవడం గురించి చెప్పాను. తుడవకూడనివి కూడా ఉన్నాయి. పాత ఆఫీసు పద్ధతిలో పరిష్కారమైన ప్రతి ఫైలు మీద ఒక గుర్తు వేసేవాళ్లం. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్ అంటే పదేళ్ల తరువాత ధ్వంసం చేయవలసినది. ఎల్.డిస్ అంటే ఏడాది తరువాత ధ్వంసం చేయదగినది. ఏ ఫైలూ గుర్తు లేకుండా రికార్డు రూముకు పోయేది కాదు. గడువు తీరిన ఫైళ్లను కూడా జాబితా రాసి, అధికారి అనుమతి తీసుకొని ధ్వంసం చేసేవాళ్లం. ఈ క్రమశిక్షణ మన ఇళ్లకూ కావాలి.

మీ కుటుంబపు జనన ధ్రువపత్రాలు, పదవ తరగతి మార్కుల మెమోలు, నిఖానామా, ఇంటి దస్తావేజులు, పింఛను ఉత్తర్వులు, పాత ఓటరు జాబితా నకళ్లు ఆర్.డిస్ కిందకి వస్తాయి. పేరులో ఒక అక్షరం తేడా వస్తే ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మనకు చెప్పనక్కరలేదు. వీటిని రెండు వేర్వేరు చోట్ల, తాళం వేసిన డిస్కుల్లో ఉంచండి. 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లో ప్రభుత్వ సంస్థలు నేరుగా జారీచేసిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన గుర్తింపు ఉంది, దాన్ని వాడుకోండి. ఇతరుల కాగితాలు మాత్రం మన దగ్గర ఎన్నటికీ ఆర్.డిస్ కావు. దరఖాస్తు ఆమోదం పొంది రసీదు వారి చేతికి అందాక అవి ఎల్.డిస్ కంటే ముందే వెళ్లిపోవాలి.

మరో ముఖ్యమైన మాట. కోర్టులో కేసు నడుస్తున్నా, పోలీసు విచారణ ఉన్నా, ఆ విషయానికి సంబంధించిన ఏ ఫైలునూ తుడవకండి. సాక్ష్యంగా చూపవలసి వస్తుందని తెలిసి ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు శిక్ష ఉంది. చట్టం సంగతి అటుంచినా, బాధితురాలి ఫొటోలు, బెదిరింపు సందేశాలే ఆమెకు రక్షణ కావచ్చు. అటువంటివాటిని న్యాయవాదిని అడిగాకే కదపాలి.

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని ముగిశాక దాన్ని తొలగించాలన్నది ఆ చట్టంలోని ఒక ప్రధాన సూత్రం. మన హక్కుల కోసం ప్రభుత్వాన్ని నిలదీసే మనం, మన దగ్గరకు వచ్చిన పేద కుటుంబం గోప్యతను కాపాడకపోతే ఆ నిలదీయడానికి నైతిక బలం ఉండదు.

మా కేంద్రంలో ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి చెబుతాను, నచ్చితే మీరూ పాటించండి. ఒక పుస్తకం పెట్టాం. ఎవరి కాగితాలు ఏ పని కోసం, ఏ తేదీన తీసుకున్నామో అందులో రాస్తాం. కార్యకర్తల సొంత ఫోన్లలోకి ఎవరి కాగితమూ తీసుకోం. కంప్యూటరు డిస్కుకు తాళం వేసి ఉంచుతాం. రసీదు అందిన 15 రోజుల్లో ఫైళ్లు తుడిచి, తుడిచిన తేదీ ఎదురుగా ఇద్దరు సంతకాలు చేస్తారు. సంతకాలు ఇద్దరివి ఎందుకంటే, నేను ఒక్కడినే తుడిచి తృప్తిపడిన రోజు ఏం జరిగిందో మీరు విన్నారు.

ఆ యువతి సంగతి చెబుతానన్నాను. విషయం విన్న తరువాత ఆమె నన్ను తిట్టలేదు. కాసేపు బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుంది. "ఈ సంగతి మీరు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు కదా చాచా, ఎందుకు చెప్పారు?" అని అడిగింది. "చిరునామా నీది తల్లీ. ఇక్కడే ఉండాలా, మారాలా అన్నది నువ్వే తేల్చుకోవాలి. తెలియకుండా ఎలా తేల్చుకుంటావు?" అన్నాను. పదిరోజుల్లో ఆమె గది మారింది. కుట్టుపని దొరికిన పేట విడిచిపెట్టి, పనికి మళ్లీ కొత్తగా వెతుక్కుంది. బండి ఖర్చు, కొత్త గది అడ్వాన్సు మా కేంద్రం భరించింది. పోయిన పనిని మేము తిరిగి ఇవ్వలేకపోయాం.

ఆ అబ్బాయి తన డిస్కును మా ఎదుటే పూర్తిగా తుడిచాడు. పెన్‌డ్రైవును నేను పగలగొట్టాను. మిగతా కుటుంబాలకు కూడా ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి చెప్పాను. కొందరు ఫరవాలేదన్నారు, కొందరు ఆ తరువాత మా కేంద్రానికి రావడం మానేశారు. వారిని తప్పుపట్టను.

ఇవాళ మీరు ఇళ్లకు వెళ్లాక ఒక పని చేయండి. బీరువాలో, అటక మీద, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లు, పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు ఒకచోట చేర్చండి. వాటిలో ఎవరెవరి కాగితాలు ఉన్నాయో గుర్తు చేసుకోండి. ఉంచవలసినవి ఉంచండి, మిగిలినవాటిని ఈ రోజు చెప్పుకున్న విధంగా తుడవండి. సందేహం వస్తే ఈ శిబిరంలో కలిసిన మిత్రులు ఒకరినొకరు అడగండి.